ఎర్ర మిషిన్‌కు నీలం బ్యాటరీ

ఆ ఎండకాలం మా అన్న దుకాణం ముంగట నిలబడనీకె జాగ దొరకకపోతుండె.

అమీర్‌పేటల మైత్రివనం ఎనక సందుల, కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఇరుక్కొని ఉండే దుకాణం అది. లోపల ఒక్క మనిషి కూసుంటే రెండో మనిషి బయట నిలబడాల్సిందే. డ్రిల్లులు, కట్టర్లు, గ్రైండర్లు, ఏది పాడైనా మా అన్న దినేశ్ తాననే రిపేరు. వైరు మిషిన్లు పోయి బ్యాటరీ మిషిన్లు వచ్చినంక పనోళ్లకు కొత్త తిప్పలొచ్చినయి. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషిన్‌కు పట్టదు. పనోళ్లు కంపెనీల పేర్లు సుత చెప్పరు, రంగులు చెప్తరు. "అన్నా, నీలం బ్యాటరీలు మంచిగున్నయి, ఎర్ర మిషిన్ ఖాళీగ పడున్నది, ఏమన్న చెయ్యరాదె" అని ఎవరో అడిగితే, అన్న కూసొని అడాప్టర్ చేసిండు. అరచెయ్యంత ప్లాస్టిక్ ముక్క. కింద నీలం బ్యాటరీ ఎక్కుతది, మీద ఎర్ర మిషిన్ కూసుంటది. అంతే. పడున్న మిషిన్లన్నీ లేచినయి.

నేను పక్క బిల్డింగుల ఒక కోచింగ్ సెంటర్ల రిసెప్షన్ చూస్తుంటి. కిటికీలకెళ్లి అన్న దుకాణం కనబడుతుండె. పనోళ్లు అడాప్టర్ తగిలించుకొని, ఆన్నే నిలబడి మిషిన్‌ను గాలిల గుర్రుమనిపించి, పిల్లల లెక్క నవ్వుకుంట పోతుండిరి. నాయిన పోయినప్పటి సంది అన్న మొఖంల గంత కళ నేను చూడలే.

రవికాంత్ మా ఇంటికి దగ్గరైంది సుత ఆ అడాప్టర్‌తోనే. పంజాగుట్టల నీలం కంపెనీ సర్వీస్ సెంటర్ల టెక్నీషియన్ ఆయన. ఊరు తెనాలి. వాళ్ల బ్యాటరీలకు ఇట్ల అతుకులేస్తున్నదెవరో చూద్దామని అంతకుముందు ఏడు వచ్చిండు. తిట్టనీకె వచ్చినోడు అడాప్టర్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, చాయ్ తాగుకుంట కూసున్నడు.

"దినేశ్ గారూ, చాలా బాగా చేశారండీ. కానీ ఒక్కటి తక్కువైంది. మా బ్యాటరీకి ఎక్కడ ఆగాలో దానంతట దానికి తెలీదు. మా మిషినే ఆపుతుంది. వేరే మిషిన్‌కి తగిలిస్తే ఆపేవాళ్లు లేరు. పూర్తిగా చచ్చిపోయేదాకా లాగేస్తుంది. అలా చచ్చినదాన్ని మళ్లీ చార్జింగ్ పెడితే ప్రమాదం."

"మరి ఏం చెయ్యాలె?"

"చిన్న కటాఫ్ బోర్డు ఒకటి దొరుకుతుందండీ. లోపల పెట్టండి. అదే ఆపేస్తుంది."

అన్న మరునాటి నుంచి ప్రతి అడాప్టర్‌ల బోర్డు పెట్టిండు. ఆ దినం సంది రవికాంత్ అన్నకు తమ్ముడైండు. నాకు ఏమైండో చెప్పనీకె ఇంకో ఏడాది పట్టింది. నేను చెప్పకముందే అన్నకు తెల్సు. "ఆంధ్రోళ్ల పిల్లగాడైతే ఏంది, మన ఇంట్ల మనిషి లెక్కున్నడు" అని అమ్మ సుత ఒప్పుకున్నది. వాళ్లమ్మ రత్నమాల గారు తెనాలి నుంచి వచ్చి, బోరబండల మా రెండు రూముల ఇల్లు చూసి, మా అమ్మ చేసిన సర్వపిండి అడిగి పెట్టించుకొని తిన్నది. శ్రావణంల నిశ్చితార్థం అనుకున్నరు.

ఎండలు ముదిరినంక కటాఫ్ బోర్డులు దొరకకుండ అయినయి. తెప్పించేటాయన రేపు మాపు అంటుండు. దుకాణం ముంగట మాత్రం జనం తగ్గుతలేరు. ఓ మధ్యాహ్నం నేను అన్నం డబ్బా పట్టుకొని పోయేసరికి రాజనర్సయ్య కాక మెట్టు మీద కూసొని ఉన్నడు. మా బోరబండ ఆయనే, ఇంటీరియర్ల చెక్క పనులు చేసే వడ్ల మేస్త్రి. మా నాయినకు దోస్తు.

"బోర్డులు రాలే కాకా. జర రెండు మూడు దినాలు ఓపిక పట్టు" అంటుండు అన్న.

"ఎట్ల పట్టాలె బిడ్డా? శ్రీనగర్ కాలనీల ఫ్లాటు. గృహప్రవేశం తేదీ పెట్టుకున్నరు. నా ఎర్ర కట్టర్ బ్యాటరీలు సచ్చినయి. నీలం బ్యాటరీలు కొత్తయి, మంచిగున్నయి. ఆ ముక్క ఒక్కటి ఇస్తే పని నడుస్తది. లేకుంటే వేరేటోన్ని పెట్టుకుంటమని మొఖం మీదనే అన్నరు."

అన్న డబ్బాలకెళ్లి ఒక అడాప్టర్ తీసిండు, మళ్ల పెట్టిండు, మళ్ల తీసిండు.

"దీంట్ల బోర్డు లేదు కాకా. మిషిన్ నెమ్మదైనట్టు అనిపిస్తే వెంటనే ఆపు. ఒట్టిపోయేదాకా నడపకు. సోమారం వచ్చి బోర్డు పెట్టించుకో. తప్పకుండ రావాలె."

"వస్త బిడ్డా. రాకుంటె ఏడికి పోత?"

కాకకు ఇచ్చినంక ఎనక నిలబడ్డోళ్లకు లేదనుడు అన్నతోని కాలే. అందరికీ అదే చెప్పిండు, సోమారం రమ్మని. సోమారం బోర్డులొచ్చినయి. కొందరు వచ్చి పెట్టించుకున్నరు. కొందరు రాలే. కాక రాలే. అన్న ఫోన్ చేస్తే "పని మస్తున్నది బిడ్డా, అయిపోంగనే వస్త" అన్నడట.

ఆ వారంలనే అయింది. ఆ ఫ్లాటుల కాక ఒట్టిపోయేదాక నడిపిన నీలం బ్యాటరీని చార్జింగ్ పెట్టిండు. కంపెనీ చార్జర్ ఎర్ర లైటు కొట్టి, చచ్చిన బ్యాటరీని పట్టుకోలే. బజార్ల దొరికే చార్జర్ ఒకటుండె కాక తాన, ఏ బ్యాటరీకైనా పట్టేది. అది పట్టుకున్నది. కాక పని చేసుకుంటుంటె ఎనక పొగ లేసింది. పక్కన్నే పాలిష్ డబ్బాలు, ఫెవికాల్ డబ్బాలు, సోఫాల స్పాంజి. ఇల్లంత అంటుకుంటదని కాక ఏం ఆలోచన చెయ్యలే, ఉత్త చేత్తోని బ్యాటరీని గుంజి, బాత్రూంల దాకా ఉరికి ఆడ పడేసిండు. ఇల్లు బతికింది. కాక కుడి అరచెయ్యి కాలిపోయింది.

సోమాజిగూడల దవాఖానకు అన్న, నేను పోయినం. చెయ్యి మొత్తం కట్టు కట్టిండ్రు. అన్న మంచం పక్కన నిలబడ్డడు. కాకనే మాట్లాడిండు.

"నీది తప్పు లేదు బిడ్డా. నువ్వు సోమారం రమ్మన్నవు. నేనే రాలే."

ఆ మాటతోని అన్న కండ్లకెళ్లి నీళ్లు కారినయి. కాక తిట్టినా బాగుండు.

ఆ ఫ్లాటు ఓనర్ ఊకోలే. మీ బ్యాటరీ పేలి నా ఇల్లు కాలేటిదుండె అని నీలం కంపెనీ మీద పడ్డడు. కాలిన బ్యాటరీ, కట్టర్, కరిగిన అడాప్టర్ అన్నీ మూట కట్టి సర్వీస్ సెంటర్‌ల పెట్టిండు. విప్పి చూడుమని కంపెనీ వాళ్లు రవికాంత్‌కే అప్పజెప్పిండ్రు.

ఆదివారం పొద్దున ఆయన చెప్పకుండ మా ఇంటికి వచ్చిండు. అమ్మ సంబురంగ కుర్చీ వేసింది. కూసోలే.

"అన్నయ్యా, నేను విప్పి చూశాను. అందులో బోర్డు లేదు."

"లేదు తమ్మి" అన్నడు అన్న.

"రేపు కంపెనీ వాళ్లు అడుగుతారు. బ్యాటరీ తప్పా, అడాప్టర్ తప్పా అని. నేను చెప్పాలి. మీకు చెప్పకుండా వాళ్లకి చెప్పడం ఇష్టం లేక వచ్చాను."

అమ్మ చేతిల నీళ్ల గ్లాసు అట్లనే ఉన్నది. "బిడ్డా, నాకు తెల్వక అడుగుతున్న. బ్యాటరీదే తప్పు అంటె ఏమైతది? అది పెద్ద కంపెనీ. నర్సయ్య దవాఖాన ఖర్చు వాళ్లు పెట్టుకుంటరు. నా కొడుకు బతుకుతడు. ఎవరికి నష్టం చెప్పు?"

రవికాంత్ తల వంచుకున్నడు. "అమ్మగారూ, బోర్డు లేనివి ఇంకా బయట ఉన్నాయి. బ్యాటరీదే తప్పని నేనంటే, వాటిని వాడేవాళ్లు అలాగే వాడతారు. వాళ్లకి ఎవరు చెప్తారు?"

అమ్మ అన్న దిక్కు చూసింది. అన్న లేచి రవికాంత్ భుజం మీద చెయ్యి వేసిండు.

"ఉన్నదే చెప్పు తమ్మి. నా గురించి ఫికర్ చెయ్యకు."

ఆయన బయటికి నడిచిండు. అమ్మ నన్ను వంటింట్లకు గుంజి, "పోవే, నువ్వు అడుగు, నీ మాట ఇంటడు" అని ఎల్లగొట్టింది. సందు చివర బండి తాన ఆయన హెల్మెట్ పట్టుకొని నిలబడున్నడు. నేనేం అడగనీకె వచ్చిన్నో నా మొఖంల కనబడ్డట్టుంది.

"అమ్మగారు అడగమన్నారా?"

"అన్నది."

"అడుగుతావా?"

నేను లేదన్నట్టు తల ఊపిన. ఆయన హెల్మెట్ పెట్టుకున్నడు. దాని అద్దం ఎనక కండ్లు తుడుచుకునే వీలు సుత ఉండదు మనిషికి.

కంపెనీ నుంచి అన్నకు వకీలు నోటీసు వచ్చింది. స్టేషన్‌కు పిలిచి, ఇంక చెయ్యనని రాయించుకొని పంపిండ్రు. అంతకన్న పెద్దగ ఏం కాలే. దుకాణం ఎవ్వరూ మూపియ్యలే, అన్ననే షటర్ దించిండు. దించి, బోర్డు లేని అడాప్టర్లు తీస్కపోయినోళ్ల కోసం బయలెల్లిండు. ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, మా బోరబండ, ఎవరెవరు ఏడ పని చేస్తున్నరో అడుక్కుంట, ఎండలవడి తిరిగిండు. ఒక్కొక్కటి తెచ్చి సుత్తితోని పలగ్గొట్టిండు.

ఓ సాయంత్రం చేతిల ఇసుక బకెట్‌తోని ఇంటికొచ్చిండు. ఇసుకల ఒక నీలం బ్యాటరీ, పొట్ట ఉబ్బి, నడుమ పగిలి ఉన్నది.

"ఎవరిది?" అడిగింది అమ్మ.

"మోతీనగర్‌ల పెయింటర్‌ది. మంచం కింద పెట్టుకున్నడు. ఆ మంచం మీద చిన్న పోరగాండ్లు పంటున్నరు." అన్న వాకిట్ల కూసున్నడు. "తమ్మి నిజం చెప్పకుంటె..." అని, అంతకన్న ముందుకు పోలే.

అమ్మ ఆ దినం సంది రవికాంత్‌ను ఏమనుడు బంద్ చేసింది. కానీ పేరు సుత ఎత్తకపోతుండె.

అన్న నర్సయ్య కాక ఎంట పనికి పోవుడు మొదలుపెట్టిండు. కాక చెయ్యి మానింది గానీ వేళ్లు లోపలికి గుంజుకపోయినయి, ఉలి పట్టనీకె రాదు. కాక కొలతలు చెప్తడు, అన్న కోస్తడు. కట్టర్ ముట్టడు, చేతి రంపమే. అన్నం తినేటప్పుడు వేళ్ల మీద బొబ్బలు కనబడుతుండె. ఓసారి కాక మా ఇంటికి వచ్చి అమ్మతోని మొర పెట్టుకున్నడు, "మిషిన్ పట్టు బిడ్డా అంటె పట్టడు సీతక్కా. డ్రిల్లు సుత ముట్టడు. ఒక గంట పనికి దినమంతా రాకుతడు. నా పాపం వానికి తగిలింది." 

నేనూ రవికాంత్ ఫోన్‌ల మాట్లాడుకుంటనే ఉన్నం. ఆయనకు ఒక్కటే బాధ. "మీ అన్నయ్య నన్ను ఒక్క మాటన్నా తిట్టుంటే బాగుండేది నవీనా."

బోనాలకు రవికాంత్‌ను అన్ననే పిలిచిండు, నర్సయ్య కాక సుత వచ్చిండు. అమ్మ బోనం దించి వచ్చి, మటన్‌కు మసాలా పడుతుంటె మిక్సీ ఆగిపోయింది. మా ఇంట్ల గట్లాంటిది ఎప్పుడైనా అయితే పిలవాల్సిన పని ఉండకపోతుండె. చప్పుడు మారితేనే అన్న స్క్రూ డ్రైవర్ పట్టుకొని వస్తుండె. ఆ దినం సుత మేం అలవాటుగ ఆయన దిక్కే చూసినం.

అన్న గోడకు ఆనుకొని కూసున్నడు. చేతులు మోకాళ్ల నడుమ పెట్టుకున్నడు.

"తమ్మీ, నువ్వు జర చూస్తవా?"

"మీరుండగా నేనేంటన్నయ్యా" అని నవ్వబోయిండు రవికాంత్.

"లే. నువ్వు చూస్తెనే మంచిది. నేను ముట్టుకోను."

మాటల ఎకసెక్కం లేదు. కోపం లేదు. పెద్ద సారు ముంగట చిన్న పోరడు మాట్లాడినట్టు, ఒద్దికగ చెప్పిండు. రవికాంత్ మిక్సీ బోర్లించి విప్పుతుంటె ఒక స్క్రూ కింద పడి దొర్లింది. అన్న లేచి పోయి నల్లా తాన చేతులు కడుక్కున్నడు. ఆయన చేతులకు ఏమీ లేదు. కడుక్కుంటనే ఉన్నడు.

మిక్సీ మంచిగైంది. అందరం తిన్నం. "కూర మంచిగ కుదిరింది" అని కాక మెచ్చుకున్నడు. రవికాంత్ నా పెనిమిటిగ మా ఇంటికి వచ్చినప్పుడల్ల, పండుగకైనా పబ్బానికైనా, అన్న గట్లనే గోడకు ఆనుకొని కూసుంటడని నాకు ఆ మధ్యాహ్నం అర్థమైంది.

ఆ వారం వానలు పడ్డయి. ఆఫీసు అయినంక నేను పంజాగుట్ట పోయిన. మెట్రో స్టేషన్ మెట్ల కింద, వానకు ఆగిన జనంల, ఆయన నాకోసం రెండు చాయ్ గ్లాసులు పట్టుకొని నిలబడ్డడు.

"మనం ఒద్దు" అని చెప్పిన. ఇంకే తీరుగ చెప్పాలో తెల్వలే.

ఆయనకు మొదట అర్థం కాలే. అయినంక అడిగిండు, "నన్ను క్షమించలేకనా?"

"క్షమించనీకె నువ్వు తప్పు చేసినవా? నువ్వు చేసిందే సరైంది. అది అన్నకు తెల్సు, నాకు తెల్సు. అందుకనే."

"అందుకనే ఏంటి?"

"నువ్వు తప్పు చేసినా బాగుండు. అన్న నిన్ను తిట్టి, కొట్టి, మళ్ల కలుపుకుంటుండె. నిన్ను చూసినప్పుడల్ల అన్నకు కాక చెయ్యి కనబడుతుంది. ఆ మంచం మీది పిల్లలు కనబడుతుండ్రు. మా అన్న చేతులు పోయినయి రవీ. నువ్వు ముంగటుంటె అవి మళ్ల రావు."

బస్సు ఒకటి నీళ్లు చిమ్ముకుంట పోయింది. ఆయన చాయ్ గ్లాసు నా చేతిల పెట్టిండు. వేడి తగ్గలే ఇంక.

"కొన్నాళ్లు ఆగుదామా?"

"ఎన్నాళ్లు? నన్ను నీకిచ్చినంక అన్న ఇంక మారడని తెలిస్తె నేనేం చెయ్యాలె?"

వాన తగ్గి జనం కదిలిండ్రు. ఆయన అడిగిండు, "మీ అన్నయ్యకి ఏం చెప్తావు?"

"అదే తెలుస్తలేదు. నిజం చెప్తే నా కాళ్లు పట్టుకొనైనా నీకిచ్చి చేస్తడు. తన వల్లనే ఆగిందంటె అసలు బతకడు."

రవికాంత్ తల ఊపిండు. "సరే. అది నాకొదిలెయ్."

ఏం చేస్తవని నేను అడగలే. అడిగితే ఒద్దనేదాన్నేమో.

శ్రావణం దగ్గర పడ్డది. తెనాలి నుంచి కబురు లేదు. అన్న ఆగలేక పంజాగుట్ట సర్వీస్ సెంటర్‌కు పోయిండు. నాకు చెప్పలే, పోయి వచ్చినంకనే తెలిసింది. నేను డ్యూటీ నుంచి ఇంటికొచ్చేసరికి వాకిట్ల అన్న అరుస్తుండు. చొక్కా జేబు చినిగి ఉన్నది. వాడకట్టు మొత్తం ఇంటున్నది.

"వేరే సంబంధం చూసిండ్రట! నాకూ అదే నయమనిపించింది అన్నయ్యా, అంటుండు. రేపటి సంది మీ మీద ఎవరన్న కేసులు పెడితే, ఆ ఇంటి అల్లుడనిపించుకోలేను, అంటుండు. నా మొఖం మీదనే అన్నడమ్మా! కౌంటర్ ముంగట గల్ల పట్టి గుంజిన. చెయ్యి సుత ఎత్తలే పిరికోడు. చూసుకుంట నిలబడ్డడు."

అమ్మ శాపనార్థాలు మొదలుపెట్టింది. నేను గుమ్మంల నిలబడ్డ. ఆయన చెయ్యి ఎందుకు ఎత్తలేదో నాకు తెల్సు. అన్న నా తానకొచ్చి, నా తల దగ్గరికి తీస్కొని, "ఏడ్వకు చెల్లె. నేనున్న" అన్నడు. కాక చెయ్యి కాలినప్పటి సంది మా అన్న గొంతు గంత గట్టిగ ఇనుడు అదే మొదలు.

మరునాడు పొద్దున లేచేసరికి అన్న ఇంట్ల లేడు. నర్సయ్య కాక తానకు పోయిండనుకున్న. నేను అమీర్‌పేట చేరి సందు మలిగితే, షటర్ పైకి లేపి ఉన్నది. అన్న తుప్పు పట్టిన గ్రైండర్ ఒకటి ఒళ్లె పెట్టుకొని విప్పుతుండు. పనోడెవరో అడాప్టర్ అడిగితే, "అది ఇంక ఈ జన్మల చెయ్యను. రిపేరుంటె చెప్పు" అన్నడు. కాకకు ఎడమ చేతితోని పట్టనీకె వచ్చేటట్టు ఒక రంపం పిడి సుత చేసిచ్చిండు తర్వాత.

నేను ఆ దినం కోచింగ్ సెంటర్ మెట్లు ఎక్కి, బాత్రూంల తలుపు పెట్టుకొని, నోట్ల చున్నీ కుక్కుకొని ఏడ్చిన. సంబురానికో దుఃఖానికో నాకే తెల్వలే.

రవికాంత్ విజయవాడ బ్రాంచికి పోయిండని ఎవరో అన్నరు. వేరే సంబంధం ఏమీ లేదు. అది నా ఒక్కదానికే తెల్సు.

మొన్న శ్రావణ శుక్రారం అమ్మ పసుపు కుంకుమ పంచుతుంటె పొద్దెక్కింది, అన్న నన్ను డ్యూటీకి బండి మీద దించుతనన్నడు. ఎర్రగడ్డ దాటినంక తల వెనక్కి తిప్పకుండనే అన్నడు.

"వాడు మనిషి కాదు చెల్లె. నిజం చెప్పిండని మస్తు పెద్దగ అనుకున్న వాన్ని. ముందే తెలిసింది, నయమైంది. అవునా కాదా?"

నేను ఆయన వీపుకు మొఖం ఆనిచ్చిన. గాలికి కండ్లు మండినయి.

"ఏందీ, ఇనబడ్తలేదు" అన్నడు అన్న.

"అవునన్నా" అని గట్టిగ చెప్పిన.